వరసలు కలిపిన మాస్టారు

మా మాస్టారు పోయారన్న కబురు ఆయన దగ్గర నేర్చుకున్న మా అందరికీ ఫోను గ్రూపులో ఒకేసారి వచ్చింది. వచ్చిన మాటలు ఇవి: "మావ పలకట్లేదు." అవి చదివి మాలో ఎవరూ ఉలిక్కిపడలేదు. పొద్దున్నే ఆటోనగర్‌లో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగుతూ చదివాను, చదివి ఫోను జేబులో పెట్టుకున్నాను. పోర్టులో పనిచేసే మా సీనియర్ ఒకడు "కార్డు ఊడిందేమో చూడు" అని జవాబు రాశాడు. ఇంకొకడు "ఆపి మళ్లీ వెయ్యి" అన్నాడు. గాజువాకమ్మాయి ఒకామె నవ్వుతున్న బొమ్మ పెట్టి "మావకి గుమ్మం చెప్పావా?" అని అడిగింది. కాసేపటికి అవతల నుంచి రెండో కబురు వచ్చింది. "మిషన్ కాదు. మా మావయ్య. ఎవరైనా రండి."

చదివేవాళ్లకు ఇదంతా పిచ్చివాళ్ల గోలలా అనిపించవచ్చు. మనిషి పలకడం లేదంటే ఆపి మళ్లీ వేయమనేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఉంటారు. విశాఖపట్నంలో ఒక గ్రూపు నిండా ఉన్నాం. మమ్మల్ని అలా తయారుచేసింది ఆ మాస్టారే. ఎలాగో చెప్పాలంటే ముందు ఆయన పాఠం కొంత చెప్పుకోవాలి.

మాస్టారిది సముద్రపొడ్డున చేపల వేట మీద బతికిన కుటుంబం. ఆయన మాత్రం పడవ ఎక్కలేదు. టెలిఫోన్ వైర్ల పని చాలాకాలం చేసి, ఆ పని తగ్గిపోయాక ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు మీద గది అద్దెకు తీసుకుని నెట్‌వర్కింగ్ నేర్పడం మొదలుపెట్టారు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, కలిపాక అవి మాట్లాడుకోకపోతే ఎందుకో కనిపెట్టడం, అదీ ఆ విద్య. దానికి అసలు సామాను కొనాలంటే గది నిండా పెట్టెలు కావాలి. ఆయన దగ్గర ఉన్నవి కొన్ని పాత కంప్యూటర్లే. అందుకని ఆయన మొత్తం ఉత్తుత్తి సామానుతో నడిపేవారు. ఒక్క కంప్యూటర్ లోపలే నాలుగు ఉత్తుత్తి కంప్యూటర్లు పుట్టించేవారు. వాటినే వర్చువల్ మిషన్లు అంటాం. తెర మీద పక్క కిటికీలో ఉత్తుత్తి రూటర్లు, ఉత్తుత్తి స్విచ్చులు, వాటి మధ్య గీతలుగా వైర్లు. ఈ మిషన్లను తెచ్చి ఆ వైర్లకు తగిలించడమే మొదటి పాఠం.

వినడానికి చిన్నపిల్లల బొమ్మరిల్లు ఆట. చేయబోతే చెమటలు పడతాయి. వర్చువల్ మిషన్ పుడుతూనే తనని పుట్టించిన కంప్యూటర్‌ని కరుచుకుని ఉంటుంది. ల్యాబ్ వైపు కన్నెత్తి చూడదు. దాని నెట్‌వర్క్ కార్డును అక్కడ విడదీసి ఇక్కడ కలపాలి. కలిపాక చిరునామా ఇవ్వాలి. వేరే వీధికి పోవాలంటే ఏ దారిన పోవాలో చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటి మర్చిపోయినా తెర మీద అన్నీ చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి, ఒక్కటీ పనిచేయదు.

మాస్టారు దీన్ని వరస కలపడం అనేవారు. మనవాళ్లు బస్సులో పక్కసీటువాడితో "మీదే ఊరు" అని మొదలుపెట్టి దిగేలోపు వాడిని బావా అని పిలిచేస్తారు కదా, ఇదీ అంతే అనేవారు. అందుకే ఆయన ల్యాబ్‌లో మిషన్లకు అంకెలు లేవు. బావ, వదిన ఒక ఇంట్లో ఉంటారు. అత్త, మావ ఇంకో ఇంట్లో ఉంటారు. మధ్యలో ఉన్న రూటర్ల పేర్లు గాజువాక, కంచరపాలెం. ఒక మిషన్ నుంచి ఇంకోదానికి "ఉన్నావా" అని కబురంపి జవాబు చూడటాన్ని లోకమంతా పింగ్ అంటుంది. మా గదిలో మాత్రం పిలవడం, పలకడం. ఇంటి నుంచి బయటికి పోయే దారిని పుస్తకాల్లో గేట్‌వే అని రాస్తారు. మాకది గుమ్మం. నేను చేరిన మొదటిరోజు "బావ పిలుస్తున్నాడు గానీ వదిన పలకడం లేదు మాస్టారూ" అని గట్టిగా అరిస్తే, కింద లేత్ మీద ఉన్నవాళ్లు పని ఆపి మెట్ల దాకా వచ్చారు, ఎవరింట్లో గొడవో చూద్దామని.

ఈ భాష మాకు ఎంత ఒంటబట్టిందంటే, మా బ్యాచ్‌లో ఒకడు ఇంటర్వ్యూకి వెళ్లి, ఒక కంప్యూటర్ దూరంగా ఉన్న సర్వర్‌ని అందుకోలేకపోతే ముందు ఏం చేస్తావని అడిగితే, "మావ గుమ్మం దాకా రాగలుగుతున్నాడో లేదో చూస్తాను సార్" అన్నాడు. అవతలి పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకోసారి చెప్పమన్నాడట. ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి విని మాస్టారు మాకందరికీ పునుగులు తెప్పించారు గానీ, వాడిని మాత్రం బాగా చీవాట్లు పెట్టారు. బయట బయటి మాటే మాట్లాడాలన్నారు. ఆ జాగ్రత్త ఆయన మాకు చెప్పారు గానీ, తన ఇంట్లో నిజం మావ తనేనన్నది తలుచుకోలేదు.

మనిషి పొట్టి. ఎప్పుడూ చేతిలో ఒక వైరు ముక్క ఉండేది. తెర మీద రెండు బొమ్మల మధ్య గీత గీయబోతే ఆ ముక్క మన చేతిలో పెట్టి, ఇది పట్టుకుని గియ్యి అనేవారు. గీత వేరు, వైరు వేరు, గీత గీసేటప్పుడు వైరు బరువు చేతికి తెలియాలట. మొదట్లో చాదస్తం అనుకున్నాం. చెప్పులు గది బయట విప్పించేవారు, భక్తితో కాదు, దుమ్ముకి. టీ వస్తే సాసర్లో పోసుకుని కిటికీ దగ్గర నిలబడి తాగేవారు, మా వైపు వీపు పెట్టి. ఆయన అటు తిరిగి ఉన్నప్పుడే మేం పక్కవాడి తెర చూసి కాపీ కొట్టేవాళ్లం. అది ఆయనకు తెలుసనీ, అందుకే అటు తిరిగేవారనీ నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నెట్‌వర్క్ అంటే వల కదా మాస్టారూ, మీ ఇంటి విద్యే కదా అని ఎవరో ఒకరు ప్రతి బ్యాచ్‌లోనూ తెలివిగా అనేవాళ్లు. ఆయన ఒప్పుకునేవారు కాదు. "మా నాన వలేసేడు, నాకు తెల్దేటి? వలేస్తే సేపలు సస్తాయి. ఇక్కడెవులూ సావకూడదు."

ఏదైనా పలకకపోతే ఆయన దగ్గర ఒక వరుస ఉండేది. ముందు మిషన్ తనని తాను పిలుచుకోవాలి. తర్వాత పక్కవాడిని పిలవాలి. తర్వాత గుమ్మాన్ని. ఆ తర్వాతే ఊరవతలి సంగతి. పక్కింటివాడే పలకనప్పుడు పక్కూరివాడిని తిట్టి ఏం లాభం అనేవారు. ఆయనకు నిజంగా కోపం వచ్చేది ఒక్కచోటే, మేం కుర్చీలో వెనక్కి వాలి "అదే పలుకుతుందిలే మాస్టారూ" అన్నప్పుడు. అప్పుడు గొంతు మారిపోయేది. "పలకలేదంటే లేసి ఎల్లి సూడాల. కూకుని అనుకోకూడదు." ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో! అన్ని బ్యాచ్‌లూ విన్నాయి. విన్నవాళ్లమంతా ఆ పొద్దున కూర్చునే ఉన్నాం.

ఆ పొద్దున ఆయన ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. భార్య విజయనగరంలో చెల్లెలింటికి వెళ్లింది. మేం ఆవిడని అమ్మగారు అంటాం. కంచరపాలెంలో రైలుకట్ట వైపు సందులో వాళ్లది రెండు వాటాల ఇల్లు. కింద మాస్టారు, అమ్మగారు. పైన ఆయన చెల్లెలి కూతురు, తన భర్తతో. ఆ మేనకోడలు కూడా మాలాగే ఆయన దగ్గర నేర్చుకున్నదే. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో పనిచేస్తూ ఆదివారాలు కొత్తవాళ్లకు మొదటి పాఠం తనే చెప్పేది. మాస్టారు తర్వాత ఆ గది ఆమెదేనని మాకందరికీ తెలుసు. ఇంట్లో ఆయన్ని పిలిచేది మావయ్యా అని. కోపమొస్తే, కంగారొస్తే మావా అని.

ఆమె కాఫీ తీసుకుని కిందకి దిగింది. తలుపు లోపల గడియ. కొట్టింది, పిలిచింది. ఫోన్ చేస్తే లోపల మోగుతూ ఉంది. భర్త అప్పటికే స్టీల్ ప్లాంట్ డ్యూటీకి వెళ్లిపోయాడు. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో మా గ్రూపు తెరిచి ఉంది, గ్రూపులో ఆ చుట్టుపక్కల వీధులవాళ్లు ముగ్గురున్నారు. ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారని రెండు మాటలు రాసింది. మేం కార్డు చూసుకోమన్నాం.

రెండో కబురుకి అందరూ పరిగెత్తారు. నేను చేరేసరికి కిటికీ చువ్వలు వంచి తలుపు తీశారు. మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు, కళ్లజోడు తీయకుండానే. వీధి చివర డాక్టరు వచ్చి చూసి, తెల్లారకముందే పోయారనీ, గుండె ఆగిందనీ, నిద్రలోనే అయిపోయిందనీ చెప్పాడు. కబురు ముందు వచ్చినా వెనక వచ్చినా చేయగలిగింది ఏమీ లేదని అడక్కుండానే చెప్పాడు. మేనకోడలు అదంతా విని ఒక్క మాట అంది.

"నాను మావయ్య అని రాసుంటే బేగొచ్చేవోరు కదా."

డాక్టరు మళ్లీ చెప్పాడు. భర్త వచ్చి చెప్పాడు. అమ్మగారు విజయనగరం నుంచి వచ్చి, ఆయన పక్కన కూలబడి, రాత్రి ఆయనకి అన్నం ఎవరు పెట్టారని అడిగింది. "నానే" అంది మేనకోడలు. ఆ తర్వాత ఆమె ఏడవలేదు, మాట్లాడలేదు. ఒక అక్షరం తక్కువ రాసి మనిషిని చంపుకున్నానని ఆమె మనసులో పడిపోయింది. అది తప్పని చెప్పడానికి మాకు నోరు లేదు. మేం చెబితే మా తప్పు కప్పిపుచ్చుకున్నట్టు ఉంటుంది. నవ్వు బొమ్మ పెట్టిన గాజువాకమ్మాయి ఆ బొమ్మ తీసేసింది. తీసేసినట్టు అక్కడ గుర్తు పడింది, అది ఇంకా ఘోరం.

నిజం చెప్పాలంటే నాకు కొన్నాళ్లు మాస్టారి మీదే కోపం. ప్రపంచమంతా మిషన్లకు అంకెలు పెట్టుకుని సుఖంగా బతుకుతోంది. ఈయనకే ఎందుకు కావాల్సి వచ్చాయి అత్తలూ మావలూ? ఆ నవ్వులాట కోసమేనా? అంతలోనే, ఆ పేర్లే లేకపోతే నాకీ విద్య వచ్చేదా అనిపించేది. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడిని నేను. అంకెలు చూస్తే పారిపోయేవాడిని. గుమ్మం అంటే అర్థమైంది, పిలిస్తే పలకాలంటే అర్థమైంది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ రెండు మాటలదే.

పెద్దకార్యం అయ్యాక గది తెరవాల్సి వచ్చింది. సగంలో ఆగిన బ్యాచ్ ఉంది, వాళ్లకు పరీక్షలున్నాయి. సాయంత్రాలు నేను వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. ల్యాబ్ ఆయన ఉంచినట్టే ఉంది. పోర్టులో పనిచేసే సీనియర్, ఆ పొద్దున కార్డు చూడమన్నవాడే, పేర్లన్నీ తీసేసి అంకెలు పెట్టేద్దామన్నాడు. ఎవరికీ చెయ్యి రాలేదు. పాఠం చెప్పేటప్పుడు మావ దగ్గరికి వచ్చేసరికి నేను అత్తతోనే ఆపేసేవాడిని. మేనకోడలు రాలేదు. కబురంపితే తలనొప్పి అని భర్త చెప్పాడు. గ్రూపులో ఆమె పేరు ఉంది గానీ, ఆ "ఎవరైనా రండి" తర్వాత ఆమె నుంచి ఇంకో మాట లేదు. ఆమె రాకపోతే ఆ గది నాలుగు నెలల్లో మూతపడుతుంది. నా వల్ల అయ్యే పని కాదది, నాకు తెలుసు.

ఇంతలో ఒక కొత్తమనిషి చేరాడు. పోర్టులో క్రేన్ నడుపుతాడు. నలభై దాటిన వయసు. కేబిన్ కంట్రోళ్లన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోతున్నాయని, ఇది నేర్చుకోకపోతే తనని పక్కన కూర్చోబెడతారని భయపడి వచ్చాడు. అందరినీ బావా అంటాడు, నన్నూ. అతన్ని గ్రూపులో చేర్చాను, ల్యాబ్ కాపీ ఇంట్లో చేసుకోమని ఇచ్చాను. జరిగింది మాత్రం చెప్పలేదు. ఎలా చెప్పను? ఏమని మొదలుపెట్టను?

పోయినవారం ఒక పొద్దున గ్రూపులో కబురు పడింది. "అత్త పలకట్లేదు. బేగి సెప్పండి."

ఎవరు రాశారో నేను చూడలేదు. మేనకోడలికి అత్త అంటే మా అమ్మగారే, ఆవిడ కింద వాటాలో ఒంటరిగా ఉంటోందన్నది ఒక్కటే కళ్లముందు కనిపించింది. మేనకోడలికి ఫోన్ చేశాను, బిజీ. మళ్లీ చేశాను, బిజీ. అమ్మగారికి చేస్తే మోగింది, ఎత్తలేదు. ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పకుండా బండి తీశాను. ఎన్ఏడీ కూడలి దగ్గర సిగ్నల్ పడితే ఆగి ఉన్నంతసేపూ మాస్టారిని తిట్టాను, పేరుపెట్టి, పైకే. పక్కబండివాడు నా వైపు చూశాడు. దేవుడా, ఇంకోసారి వద్దు అనుకున్నాను. ఇంకోసారైతే ఆ పిల్ల బతకదు.

సందు మలుపు తిరగగానే మాస్టారి ఇంటి ముందు బళ్లు కనిపించాయి. కార్డు చూడమన్న సీనియర్ అప్పటికే వచ్చి ఉన్నాడు, హెల్మెట్ తలమీదే ఉంది, గేటు మీద చెయ్యి వేసి తోయలేక నిలబడ్డాడు. ఆపి మళ్లీ వేయమన్నవాడు గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. గాజువాకమ్మాయి మెడలో ఆఫీసు కార్డుతో ఆటో దిగింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. లోపలికి ముందు ఎవరు వెళ్లాలన్నది ఎవరికీ తేలలేదు. అప్పుడే సీతమ్మధార నుంచి మేనకోడలి ఆటో వచ్చింది. ఆమె మమ్మల్ని చూసింది. మేం అందరం అక్కడ ఉండటం చూసి, ఇక అయిపోయిందనే అనుకుని ఉంటుంది. మా మధ్య నుంచి దారి చేసుకుని గేటు తోసింది.

ఇంటి పక్క సందులోంచి అమ్మగారు బయటికి వచ్చింది. మోచేతుల దాకా సబ్బు నురగ. కుళాయి దగ్గర దుప్పట్లు ఉతుకుతోంది. ఫోన్ గదిలో ఎక్కడో మోగుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. క్రేన్ బావ. అతని గొంతు గట్టిది, పైగా సందంతా నిశ్శబ్దంగా ఉంది, అందరికీ వినబడింది. "బావా, ఏటి, ఒక్కులూ జవాబు సెప్పరు? అత్తకి గుమ్మం తప్పుగా ఇచ్చినాను. మార్సేను. ఇప్పుడు పలుకుతన్నాది."

నేను ఫోన్ పెట్టేశాను. అమ్మగారు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"ఏటర్రా, అందరూ ఒక్కపాలే వొచ్చేరు? ఏటయినాది?"

మాలో ఒక్కరూ పలకలేదు. మేనకోడలు వెళ్లి ఆవిడ మణికట్టు పట్టుకుంది, నాడి చూసేవాళ్లు పట్టుకున్నట్టు. పట్టుకుని మా వైపు తిరిగింది. ఇన్నాళ్ల తర్వాత ఆమె మమ్మల్ని తేరిపార చూడటం అదే. గోడకి ఆనుకున్నవాడిని, గేటు దగ్గరవాడిని, గాజువాకమ్మాయిని, నన్ను.

"ఏటీ నేదత్తా. నువ్వు పలకట్నేదంటే వొచ్చేరు."

అంతే, ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. మాస్టారు పోయినరోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది, వీధి వీధంతా వినేలా. అమ్మగారికి ఏమీ అర్థం కాలేదు. పక్కన కూర్చుని ఆమె తల తన ఒళ్లోకి లాక్కుని, "నానేటైపోతానే, కుళాయి కాడ ఉన్నాను" అంటూ జుట్టు నిమురుతోంది. నిమిరినచోటల్లా నురగ అంటుకుంటోంది. ఆవిడ చూసుకోలేదు. మేం గేటు బయట, హెల్మెట్లు కూడా తీయకుండా, ఆ నురగనే చూస్తూ నిలబడ్డాం.